గుంతలు పూడ్చిన చేను

మా మేనత్త పోయిందన్న కబురు వనపర్తిలో నేను పాఠం చెబుతుండగా అందింది. మా ఊరి మనిషి సైకిల్ మీద వచ్చాడు. చెంబెడు నీళ్లు తాగి, మూతి తుడుచుకుని చెప్పాడు. "పొద్దున చేన్ల తట్ట దించి గట్టు మీద కూసున్నదట పంతులూ. మళ్ల లేవలే." నాకు వెంటనే ఏడుపు రాలేదు. తట్ట దించిందా అనుకున్నాను, అంతే. ఆ తట్ట మానుకొమ్మని పదేళ్లుగా నేను బతిమాలని రోజు లేదు. నా మాట ఎప్పుడు విన్నది కనక!

విన్నది ఒకే ఒకసారి. ఆ ఒక్కసారీ వినకుండా ఉంటే బాగుండేది.

మా ఊరు వీపనగండ్ల దాటి కృష్ణ వైపు పోతే వస్తుంది. అక్కడి నేలలో మీద ఎర్రమట్టి, దాని కింద రాళ్ల గరుసు. ఆ గరుసులో వజ్రాలు దొరుకుతాయని ముసలివాళ్లు చెప్పుకునేవాళ్లు. నాకు ఇరవై ఏళ్లప్పుడు పట్నం నుంచి ఒక గుత్తేదారు వచ్చి, ఆ మాట నమ్మి, ఊళ్లో చేన్లన్నీ గుత్తకు అడిగాడు. అత్తకు చిన్నతనంలోనే మామ పోతే, మా నాయన మూడెకరాల చేను ఆమె పేర పెట్టాడు. ఆమెకు అందులో ఒక బావి తవ్వించుకోవాలని ఆశ. గుత్త సొమ్ముతో ఆ పని అవుతుందనుకుంది.

గుత్త కాగితం ఉర్దూలో ఉంది. ఊళ్లో ఉర్దూ చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గర్వం కూడా కాస్త ఉండేది. అత్త అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ అడిగింది.

"అంత మంచిగనే రాసిండ్రా అల్లుడా? నా చేను నాకిస్తరా?"

"ఇస్తరత్తా. తవ్విన గుంతలన్నీ పూడ్చి, నేల సాపు చేసి అప్పజెప్తమని రాసిండ్రు."

"నువ్వు చదివినవంటే ఇంగేంది" అని చింతపండు చేతిని కొంగుకు తుడుచుకుని వేలిముద్ర వేసింది.

వాళ్లు మాట తప్పలేదు, అదే నన్ను ఇప్పటికీ తినేస్తుంది. ప్రతి గుంతా పూడ్చారు. ఎట్లా పూడ్చారన్నదే సంగతి. ఒక గుంత తవ్వి, గరుసు తీసి కడిగి, వెతికేవాళ్లు. తరువాత దాని పక్కనే ఇంకో గుంత మొదలుపెట్టేవాళ్లు. కొత్త గుంతలో ముందు వచ్చేది పైనున్న ఎర్రమట్టి. దాన్ని మోసే శ్రమ ఎందుకని పాత గుంతలోకే తోసేవాళ్లు. దాని మీద కడిగేసిన గరుసు పోసేవాళ్లు. ఇలా గుంత వెంట గుంత, మూడెకరాలూ తిరగబడ్డాయి. పండే మట్టి నడుము లోతున పోయింది. రాళ్లు పైకొచ్చాయి. ఏ మట్టి కింద, ఏ మట్టి మీద అని కాగితంలో లేదు. చదివిన నాకూ తట్టలేదు. సేద్యం చేసే ఇంట్లో పుట్టి, ఆ ఒక్క మాట అడగలేకపోయాను.

చేను తవ్వుతున్నన్నాళ్లూ అత్త అక్కడే కూలికి పోయింది. కడిగిన గరుసును చదును నేల మీద పలుచగా ఆరబోస్తే, ఆడవాళ్లు బారుగా కూర్చుని అరచేతి అంచుతో జరుపుతూ వెతకాలి. పొద్దు దిగేదాకా కళ్లు తిప్పకూడదు. ఇంటికి పోయేటప్పుడు జమాదారు ముందు కొంగు దులిపి, కొప్పు విప్పి, రెండు చేతులూ చాచి చూపించాలి. నోరు కూడా తెరిపించేవాడు. ఆమె నాలుగు వజ్రాలు పట్టి ఇచ్చిందట. వాటిని ఎవరు కొన్నారో, ఏ మెడలో ఉన్నాయో మా ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఆ పని ఆమె చేతుల్లో ఉండిపోయింది. బియ్యంలో రాళ్లేరినా అరచేతి అంచుతోనే జరిపేది. ఎవరి ఇంటికైనా పోయి తిరిగొచ్చేటప్పుడు వాళ్ల గడప దగ్గర ఆగి, తనకు తెలియకుండానే కొంగు దులిపి, చేతులు చాచేది. "మేమేమన్న దొంగతనం అంటగట్టినమా వదినా?" అని మా అమ్మ నవ్వేది. అత్త కూడా నవ్వేది. నేనూ నవ్వాను, ఎంత బుద్ధిలేనివాణ్ణో!

మూడేళ్లు ఊళ్లో రోజూ కూలి వచ్చింది. జనం తమ జొన్న చేన్లు బీడు పెట్టి గుంతల్లోకి దిగారు. జొన్నలు కూడా వీపనగండ్లలో కొనుక్కుని తిన్నారు. తరువాత గుత్తేదారు రాళ్లు అయిపోయాయని జల్లెడలు బండ్లకెక్కించి వెళ్లిపోయాడు. కూలీ పోయింది, పంటా పోయింది. కడిగిన బురద వాగు వెంట పోయి కుంట సగం పూడింది. ఆ ఏడు సగం ఊరు మట్టి పనులు వెతుక్కుంటూ గద్వాల దిక్కు నడిచింది. అత్త బావి సొమ్ము జొన్నలకే సరిపోయింది.

ఆమె మాత్రం ఊరు వదల్లేదు. కుంట ఎండినప్పుడల్లా పూడిక మట్టి తట్టకెత్తి చేనికి మోసేది. పొద్దున పది తట్టలు, మళ్లీ మాపటికి పది. నేను సెలవులకు పోయినప్పుడు ఇద్దరం పోట్లాడుకునేవాళ్లం.

"ఎందుకత్తా గీ పాణం తీసుకునుడు? నా దగ్గరికి వచ్చి ఉండు."

"నా చేను కొట్టుకపోయి గీ కుంటల పడ్డది. ఇంటికి తోలుకపోతున్న, అంతే. నువ్వు పరేషాన్ గాకు."

ఒకసారి తట్టుకోలేక అనేశాను. "తప్పు నాదే అత్తా. కాగితం నేనే చదివిన."

ఆమె తట్ట దించకుండానే నా వైపు తిరిగింది. "నువ్వు ఉన్నది చదివినవ్. కాగితం గూడ అబద్ధం ఆడలే. నన్ను మాట్లాడించకు అల్లుడా, మెడ గుంజుతుంది."

తట్టతోనే చేను వైపు నడిచింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పదేళ్లలో ఎకరన్నర దాకా కప్పింది. ఆ పలుచటి మట్టిలో జొన్న మోకాలెత్తు పెరిగి, ఎర్రబడి, కంకి వేయకుండా నిలిచిపోయేది. అయినా మరుసటి ఏడు తట్ట ఎత్తేది.

శవాన్ని నా కోసం మరునాటి దాకా ఉంచారు. మా వాళ్లు ఎవరి చేన్లో వాళ్లనే మట్టి చేస్తారు. ఆమె ఇంకా కప్పని మూల, ఒట్టి గరుసులో గుంత తవ్వారు. పార దెబ్బకు రాళ్లు ఖణేల్మంటున్నాయి. నడుము లోతు పోయేసరికి ఆ చప్పుడు ఆగింది. తవ్వేవాడు వంగి పిడికెడు పైకి తీశాడు. మెత్తటి ఎర్రమట్టి. పదేళ్లు ఆమె మట్టి మోసిన చేన్లోనే, కాళ్ల కింద, అట్లాగే ఉంది.

ఆమెను దించాక అందరం మూడేసి పిడికిళ్లు వేశాం. తరువాత తవ్వినవాళ్లు, ఆఖరున పైకొచ్చి కుప్ప మీదున్న ఎర్రమట్టిని పారలతో తోయబోయారు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఆగుండ్రి. గా ఎర్రమట్టి పక్కకు తియ్యుండ్రి. గరుసు ముందు వెయ్యాలె."

"మనిషి మీద రాళ్లేస్తమా పంతులూ?" అన్నాడు తవ్వినవాడు. అందరూ నా ముఖం చూశారు.

మా నాయన కర్ర ఊతంగా ముందుకొచ్చాడు. చెల్లెలి వైపు, కుప్ప వైపు చూశాడు. "మెత్తటి మట్టి ఓ దుప్పటంత కప్పుండ్రి. మీద గరుసు. మిగిలిన మట్టి అంత పైకి రావాలె. వాడు చెప్పినట్లే చెయ్యుండ్రి."

చేశారు. మూడో నాడు దాని మీద నవధాన్యాలతో పాటు పిడికెడు జొన్నలు చల్లి, నీళ్లు చిలకరించి, నేను వనపర్తికి వచ్చేశాను.

మొదటి వానలు పడ్డాక మళ్లీ పోయాను. ఆ మూల అంతా గరుసు తెల్లగా మెరుస్తోంది. దాని నడుమ ఆ ఎర్రమట్టి మేరకే జొన్న మొలిచి నిలబడింది, ముదురు పచ్చగా, సరిగ్గా మా అత్త పొడవున.