నేను ఎక్కని విమానం, మధ్యలో దిగిన రైలు, చేర్చిన బస్సు

రెండు నెలలుగా మా ఊళ్లో నన్ను చూసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు. హైదరాబాదుకు విమానం బాగుంటుందా అండీ, రైలు బాగుంటుందా, బస్సే నయమా అని. నేను విమానంలో వెళ్లివచ్చినదాన్నని వాళ్ల నమ్మకం. మా అక్క ఫోన్లో అందరికీ అలాగే చెప్పింది మరి. నేను నవ్వేసి ఏదో ఒకటి చెప్పి తప్పుకుంటున్నాను. దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు మాత్రం అది గుర్తొచ్చి మనసు నిలవడం లేదు. అవసరానికి ఒక అబద్ధం ఆడాను. దాన్నే రోజూ ఆడుతూ ఉండటం నావల్ల కాదు. మా మరిదిగారి అమ్మాయి స్వాతి తన ప్రయాణాల పేజీలో పెడతానంటే, పదో తరగతి తరువాత ఉత్తరాలు తప్ప ఏమీ రాయని నేను ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ రోజు నేను విమానం ఎక్కలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఏది ఎక్కాలో మీరే తేల్చుకోండి.

మా అక్క కనకం ఎల్బీ నగర్ దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. బావగారు పోయి పదేళ్లు దాటింది. పిల్లలు లేరు. కడుపులో గడ్డ ఉంది, ఇక ఆలస్యం చేయకూడదని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. అంతకు ముందొకసారి ఆసుపత్రిలో చేరి కూడా, తీరా సంతకం పెట్టే వేళకు పక్క మంచం ఆవిడ తుమ్మిందని సంచి సర్దుకుని వచ్చేసింది. అక్కకు భయం వేస్తే భయమని చెప్పదు, శకునం బాగాలేదంటుంది. ఈసారి ఎల్బీ నగర్‌లోనే ఒక ఆసుపత్రిలో, శనివారం తెల్లవారుతూనే ఆపరేషన్. ముందు రోజు, శుక్రవారం సాయంత్రం ఎనిమిది లోపల సొంతవాళ్లెవరైనా ఆధార్ చూపించి సంతకం పెట్టాలి. పెట్టకపోతే పేరు తీసేస్తారు, మళ్లీ నెల తరువాతేనట.

"ఎనిమిదింటికి నువ్వు నా పక్కన లేకపోతే నేను ఇంటికి పోతానమ్మడూ. మళ్లీ ఆ గడప తొక్కను" అంది అక్క. కోపంగా అనలేదు. మెల్లగా అంది. అందుకే నాకు భయం వేసింది.

మాది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. ఏలూరుకు ఇరవై కిలోమీటర్లు. గట్టు మీద దారి కావడంతో ఆటోలో ముప్పావు గంట పడుతుంది. ఆపరేషన్ సంగతి మంగళవారం తెలిసింది. గురువారం, శుక్రవారం మా చేపల చెరువు పట్టుబడి. వలలు లాగే పదిమందికి గురువారం అన్నం పెట్టకుండా కదలలేను. ఆ రాత్రి రైళ్లన్నీ నిండిపోయాయి. శుక్రవారం పగటి రైల్లోనూ రిజర్వేషన్ దొరకలేదు. విశాఖలో ఉద్యోగం చేసే స్వాతి, ఇక ఆలోచించకు పెద్దమ్మా అని, విజయవాడ దగ్గరి గన్నవరం నుంచి మధ్యాహ్నం పన్నెండు నలభై విమానానికి మూడువేల తొమ్మిదివందలు పెట్టి టికెట్టు తీసింది. గంటలో శంషాబాద్. నా యాభై ఏళ్లలో విమానం నెత్తిమీద వెళ్లడం చూడటమే.

అక్కకు చెబితే సంతోషపడింది. అంతలోనే పంచాంగం తీసింది. శుక్రవారం పడమరకు వారశూల, ఆ దిక్కుకు బయలుదేరకూడదు. కాబట్టి గురువారమే ప్రస్థానం పెట్టమంది. తెలియనివాళ్లకు చెబుతాను. మంచిరోజున బయలుదేరే వీలు లేనప్పుడు, మన వెంట వెళ్లే వస్తువు ఒకటి ముందుగా మంచి వేళ చూసి పక్కింట్లో పెడతాం. దాంతో ప్రయాణం మొదలైనట్టే. ఆ వస్తువును తిరిగి ఇంట్లోకి తీసుకురాకూడదు. మరునాడు అటునుంచే తీసుకుని వెళ్లిపోవాలి. "పాత చీర ఏదో పెట్టి దేవుణ్ణి మభ్యపెట్టకు. నిజంగా నీకు కావలసిందే పెట్టు" అంది అక్క. ఆ మాట నాకు నచ్చింది. గురువారం పది గంటలకు ఒక చిన్న చేతిసంచిలో నా ఆధార్ కార్డు, టికెట్టు కాగితం, అమ్మవారి కుంకుమ పెట్టి, పడమటి వైపు ఇంట్లో ఉండే మంగమ్మ వదినగారి ముందుగదిలో బల్ల మీద ఉంచి దండం పెట్టుకుని వచ్చాను.

శుక్రవారం ఏడున్నరకు స్నానం, పూజ ముగించుకుని వెళితే ఆ ఇంటికి తాళం ఉంది. తాడేపల్లిగూడెంలో మనవడికి అన్నప్రాశన అని, తెల్లవారుజామునే బయలుదేరి వెళ్లారట. ఆ సంగతి నాతో అనలేదు, నేనూ అడగలేదు. కిటికీలోంచి చూశాను. బల్ల మీద సంచి లేదు.

ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. స్వాతి కూడా ఎత్తలేదు. మావారు చెరువు గట్టు మీద నుంచి బురద కాళ్లతోనే వచ్చారు. ఆధార్ లేకపోతే విమానం దగ్గరికే రానివ్వరన్నారు. ఎలాగోలా హైదరాబాదు చేరినా ఆసుపత్రిలో సంతకం పెట్టనివ్వరు. ఇక్కడ నిలబడి చేసేదేమీ లేదు, ఏలూరు వెళ్లి కూర్చుందాం, ఫోను ఎత్తగానే ఎటంటే అటు కదలవచ్చని ఆయన ఆటో పిలిచారు. దారి పొడవునా నేను ఫోను నొక్కుతూనే ఉన్నాను. గట్టుకు రెండు వైపులా నీళ్లు, తామరాకులు, కొంగలు. ఎప్పుడూ కళ్లారా చూసుకునేదాన్ని, ఆ రోజు ఏమీ చూడలేదు.

ఏలూరు స్టేషను ముందు బల్ల మీద కూర్చుని ఉండగా, తొమ్మిది నలభైకి వదినగారు ఫోను చేశారు. గుడిలో అన్నప్రాశన చేసి అప్పుడే కూతురింటికి వచ్చారట. ఫోను అక్కడే మర్చిపోయి వెళ్లారట.

"సంచి నా దగ్గరే ఉందండీ వదినగారూ, భద్రంగా ఉంది. ప్రస్థానం సంచి లోపల పెట్టి తాళం వేస్తే మీ ప్రయాణానికి తాళం వేసినట్టు కాదా అండీ? అందుకని వెంట తెచ్చేశాను. మీ విమానం రాజమండ్రిలోనే కదా, ఎలాగూ గూడెం మీదుగానే వస్తారనుకున్నాను."

మా ఊళ్లో అంతకు ముందు విమానం ఎక్కినవాళ్లు రాజమండ్రి నుంచే వెళ్లారు. ఆవిడ తప్పు ఏముంది? నా క్షేమం కోరే చేశారు. గన్నవరం అని చెప్పగానే అటువైపు నుంచి ఏడుపు వినిపించింది. నేనే ఊరుకోమని చెప్పవలసి వచ్చింది.

మావారు వేళ్ల మీద లెక్క వేశారు. గూడెం నుంచి మోటారు సైకిలు మీద సంచి తెప్పిస్తే గంటంబావు. ఏలూరు నుంచి గన్నవరానికి కారులో ఇంకో గంట. పన్నెండవుతుంది. విమానానికి గంట ముందే, పదకొండు నలభైకే కౌంటరు మూసేస్తారు. "విమానం మర్చిపో లక్ష్మీ. ఎనిమిదింటికి అక్కడ ఉండటం ఎలాగో చూడు" అన్నారు. విశాఖ నుంచి వచ్చే పగటి రైలు గూడెం మీదుగానే ఏలూరు వస్తుంది. వదినగారి అల్లుడు సంచితో సహా అదే రైలు ఎక్కి ఏలూరులో దిగితే, దారిలో బండి చెడిపోతుందన్న బెంగ ఉండదు. సంచి, రైలు రెండూ ఒక్కసారే నా దగ్గరికి వస్తాయి. మావారు జనరల్ టికెట్టు తెచ్చారు. నూట ముప్పై అయిదో, నలభయ్యో. తానూ వస్తానన్నారు కాని, చెరువు దగ్గర సగం చేప ఇంకా నీళ్లలోనే ఉంది, లారీ వచ్చి నిలబడింది. వద్దన్నాను.

పది యాభై అయిదుకు రావలసిన రైలు పదకొండున్నరకు వచ్చింది. మేము వెనక పెట్టెల దగ్గర నిలబడ్డాం. ఆ అబ్బాయి ముందు పెట్టెలో ఎక్కాడు. రైలు ఆగేది ఒక్క నిమిషం. అన్నప్రాశన పట్టుపంచె మోకాళ్ల పైకి ఎత్తి పట్టుకుని, సంచి గుండెకు అదుముకుని, ప్లాట్‌ఫారం ఆ చివరి నుంచి పరుగెత్తుకు వస్తున్నాడు. నేను ఎక్కేశాను. రైలు కదిలింది. కిటికీలోంచి చేయి చాపాను. సంచి నా చేతిలో పడ్డాక అతను నడుము పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. పేరు కూడా సరిగా తెలియని మనిషి. ఇప్పటికీ రోజూ దీపం ముందు అతని కోసం ఒక నమస్కారం పెడుతున్నాను.

పెట్టెలో నిలబడటానికే చోటు లేదు. ఒకావిడ జరిగి అంచున కూర్చోబెట్టుకుంది. గన్నవరం దాపులకు వచ్చాక రైలు ఆగిపోయింది. సిగ్నల్ లేదన్నారు. పన్నెండు నలభై దాటిన కాసేపటికి పొలాల మీదుగా విమానం ఒకటి లేచింది. నాదే అయి ఉంటుంది. పక్కనున్నావిడ తన మనవరాలికి చూపించి, "చూడవే, వాళ్లు మనకన్నా ముందు అన్నం తింటారు" అంది. పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కళ్లలో నీళ్లు ఎవరూ చూడలేదు.

అప్పుడే అక్క ఫోను. ఎక్కడున్నావని అడిగింది. విమానం తప్పిపోయిందని చెబితే, అది కూడా ప్రస్థానం పెట్టాక తప్పిపోయిందంటే, ఆ క్షణమే మంచం దిగి ఇంటికి పోతుంది. నాకు బాగా తెలుసు. సంచిలో కుంకుమ పొట్లం చేతికి తగులుతోంది. "విమానం ఆలస్యంగా బయలుదేరుతుందటక్కా. సాయంత్రానికి వచ్చేస్తాను" అన్నాను.

"ప్రస్థానం పెట్టావుగా, ఏమీ కాదులే. కంగారుపడకు" అని నాకే ధైర్యం చెప్పింది అక్క.

విజయవాడ చేరేసరికి ఒంటిగంటా ఇరవై. ముందు లైన్లో పని జరుగుతోంది, సికింద్రాబాదు చేరేసరికి ఎనిమిదవుతుందో తొమ్మిదవుతుందో అని టీ అమ్మే ఆయన చెప్పాడు. కూర్చున్న చోటు వదిలి దిగాలంటే మనసు ఒప్పలేదు. దిగి బస్సు దొరకకపోతే ఏమిటి? దిగకపోతే ఏమిటి? అప్పుడు ఒక సంగతి తట్టింది. రైలు సరిగా వెళ్లినా నన్ను దింపేది సికింద్రాబాదులో. అక్కడి నుంచి ఎల్బీ నగర్‌కు ఆటోలో ఇంకో గంట. విజయవాడ బస్సు అయితే ఊళ్లోకి అడుగుపెట్టేదే ఎల్బీ నగర్ మీదుగా. అమ్మా నీదే భారం అనుకుని దిగేశాను. ఆటోవాడు డెబ్బై తీసుకుని పది నిమిషాల్లో బస్టాండులో దింపాడు. ఒంటిగంటా యాభై అయిదుకు హైదరాబాదు బస్సు దొరికింది. టికెట్టు ఐదువందల పైచిలుకు. ఆ బస్సుకు కండక్టరు ఉండడు, డ్రైవరు గారే టికెట్టు కొట్టారు.

నందిగామ, కోదాడ దాటాం. సూర్యాపేట దాటాక నాలుగున్నరకు ఒక హోటలు ముందు బస్సు ఆపి, ఇరవై నిమిషాలని కేక వేశారు. నేను పొద్దున ప్రసాదం తప్ప ఏమీ తినలేదు, అయినా దిగబుద్ధి కాలేదు. డ్రైవరు గారి దగ్గరికి వెళ్లి, ఎనిమిది లోపల ఆసుపత్రిలో సంతకం పెట్టాలి నాయనా, కొంచెం ముందుగా కదలగలవా అని అడిగాను.

"నేను తినకపోతే మీరు ఎనిమిదింటికి కాదమ్మా, అసలు చేరనే చేరరు" అన్నాడు ఇడ్లీ తుంచుకుంటూ. తరువాత నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "శుక్రవారం సాయంత్రం జనమంతా ఊరి నుంచి బయటికి వస్తారు. ఆగిపోయేది ఆ పక్క రోడ్డు. మన పక్క ఖాళీ. ఏడున్నర లోపల దింపుతాను. మీరు కూడా రెండు ఇడ్లీలు తినండి. ఖాళీ కడుపుతో వెళితే మిమ్మల్నే చేర్చుకుంటారు అక్కడ."

తిన్నాను. అతను చెప్పినట్టే చౌటుప్పల్ దగ్గర ఎదురు రోడ్డు మీద కార్లు కదలకుండా నిలిచిపోయి ఉన్నాయి. మా బస్సు ఆగకుండా వెళ్లింది. ఏడూ ఇరవై అయిదుకు ఎల్బీ నగర్‌లో దింపి, వెళ్లిరండమ్మా అన్నాడు.

ఆసుపత్రి గదిలోకి అడుగుపెట్టేసరికి ఏడూ నలభై. అక్క వాళ్లిచ్చిన బట్టలు మడిచి దిండు మీద పెట్టి, తన చీర కట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి బతిమాలుతోంది. నన్ను చూసి అక్క సంచి కింద పెట్టింది. ఆధార్ ఇచ్చి, చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. నా పేరు నాకే కొత్తగా కనిపించింది.

"విమానం ఎలా ఉందే?" అంది అక్క చీర మార్చుకుంటూ.

"బాగుందక్కా. పైనుంచి మన కొల్లేరు కనిపించింది."

"చూశావా? ప్రస్థానం పెట్టిన ప్రయాణం ఎప్పుడూ చెడదు" అని, వాళ్లిచ్చిన బట్టలు కట్టుకుని మంచం మీద పడుకుంది. తెల్లవారి తనే లేచి లోపలికి నడిచి వెళ్లింది. గడ్డ తీసేశారు. ఇప్పుడు మళ్లీ హాస్టల్లో పప్పు తాలింపు వేసుకుంటోంది.

ఆ రోజు తరువాత నాకు తెలిసింది ఇంతే. గంట ప్రయాణమని విమానం, చవక అని రైలు, గుమ్మం ముందు ఆగుతుందని బస్సు ఎక్కకండి. మన ఇంటి నుంచి అది ఎక్కే చోటుకూ, అది దించే చోటు నుంచి మనం చేరవలసిన గుమ్మానికీ ఎంత పడుతుందో ముందు కూడుకోండి. అంతా సవ్యంగా జరిగినా, విమానంతో కలిపి మా ఇంటి నుంచి అక్క దగ్గరికి ఏడు గంటలయ్యేది. సికింద్రాబాదు వైపు వెళ్లేవాళ్లకు ఏలూరు నుంచి రాత్రి రైలును మించినది లేదు. ఎల్బీ నగర్ వైపు అయితే బస్సే. ప్రస్థానం మీద నాకు నమ్మకం పోలేదు. ఆ సంచి ఎవరి చేతుల్లోనూ ఆగకుండా నా దగ్గరికి వచ్చింది కదా. కాని ఒక్క మాట గుర్తుంచుకోండి. ప్రస్థానానికి చీర పెట్టండి, కొబ్బరికాయ పెట్టండి, ఆధార్ కార్డు మాత్రం పెట్టకండి. అది మీ ఒంటి మీద ఉండాలి. దాని డిజిటల్ ప్రతి ఒకటి ఫోనులోనూ పెట్టించుకోండి. విమానం దగ్గర అదీ చెల్లుతుందని స్వాతి నాకు మరునాడు చెప్పింది.

అక్క ఫోనులో ఇలాంటివి చదవదు. హాస్టల్లో పిల్లలు చదువుతారు. అమ్మాయిలూ, మీకు ఆవిడ రోజూ అన్నం పెడుతుంది, తన చెల్లెలు తన కోసం విమానం ఎక్కి వచ్చిందని కూడా చెబుతూ ఉంటుంది. ఆరు నెలల తరువాత మళ్లీ పరీక్షలున్నాయి. అప్పుడూ ఆవిడ భయపడకుండా ఆ గడప తొక్కాలి. ఇది మీకు దొరికితే దాచుకోండి. ఆవిడకు మాత్రం చూపించకండి.