ఊపిరి తీసుకునే నీళ్ళు

నా చిన్నప్పుడు, మా ఊరి చెరువు తెగేదాకా, నాకు నీళ్ళంటే భయమే లేదు. గార్లకు దగ్గరలో చిన్న ఊరు మాది. నాన్నను బాపు అనీ, నాన్నమ్మను అవ్వ అనీ పిలుచుకునే ఇల్లు. మా బాపు డప్పు కొట్టేవాడు. పెళ్ళికైనా, చావుకైనా, ఊళ్ళో చాటింపుకైనా ఆయన చేతి దెబ్బే వినబడాలి. ఆ ఏడు వానాకాలంలో ఒక తెల్లవారుజామున ఆ డప్పు ఎన్నడూ లేనంత వడివడిగా మోగింది. కట్ట తెగిందని చెప్పడానికి బాపు వీధివీధీ ఉరుకుతూ కొట్టాడు. డప్పు వెనకాలే నీళ్ళ హోరు వచ్చింది. అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని, నన్ను రెక్క పట్టుకుని, మిట్ట మీదున్న బడికి లాక్కుపోయింది. మా ఇంటి మట్టిగోడ కూలి దాని కింద మేకపిల్ల చచ్చిపోయింది. మనుషులం మాత్రం అందరం మిగిలాం.

పెద్దవాళ్ళు మళ్ళీ గోడ పెట్టుకున్నారు, పనుల్లో పడ్డారు. నేను మాత్రం ఆ చప్పుడులోంచి బయటికి రాలేకపోయాను. నీళ్ళ గోళెంలో ఎవరైనా బిందె ఒంపితే వాకిట్లోకి ఉరికేదాన్ని. బాపు డప్పు వేడి చేసుకోవడానికి మంట పెడితే చాలు, నేను ఇంట్లోకి పోయి చెవులు మూసుకునేదాన్ని. డప్పు కొట్టేవాని బిడ్డ డప్పుకు భయపడుతుందని మా వాడలో అందరూ నవ్వేవాళ్ళు.

ఆ తర్వాతి ఎండాకాలం అమ్మ మిరపకాయలు ఏరడానికి కూలికి పోయినచోట, సముద్రం పక్క ఊరి నుంచి వచ్చిన ఒకామెతో స్నేహం కుదిరింది. మేం ఆమెను మిరపతోట అక్క అనేవాళ్ళం. ఎండలు ముగిసే వేళ, మృగశిర రాకముందే, వాళ్ళ ఊళ్ళో అమ్మవారి జాతర జరుగుతుందట. ఇంటిల్లిపాదీ రావాలనీ, మీ ఆయన డప్పు మర్చిపోవద్దనీ మరీ మరీ చెప్పి పంపింది. మా ఇంట్లో అంతవరకూ ఎవరూ సముద్రం చూడలేదు. బాపు డప్పును పాత దుప్పట్లో చుట్టాడు, అవ్వ జొన్నరొట్టెలు మూట కట్టింది, అందరం గార్లలో ప్యాసింజరు బండి ఎక్కాం.

సముద్రం అంటే ఏమిటని బండిలో బాపును అడిగాను. మన చెరువు లాంటిదే, అవతలి గట్టు కనబడదు, అంతే అన్నాడు. ఆ ఒక్క మాటతో నా పని అయిపోయింది. ఇంత చెరువు తెగితేనే మా గోడ పోయింది. గట్టే కనబడనిది తెగితే ఏమిటన్నది తప్ప దారి పొడుగునా నాకు మరో ఆలోచన లేదు. తమ్ముడికి అప్పుడు నాలుగేళ్ళు. వాడు కిటికీ చువ్వలు పట్టుకుని పాటలు పాడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

మిరపతోట అక్క వాళ్ళ ఊరు దాటితే పెద్ద సరుగుడు తోట, తోట దాటితే ఇసుక, ఇసుక చివర సముద్రం. నాకది కనబడక ముందే వినబడింది. అదే హోరు. నేను వెనక్కి తిరిగి ఉరకబోతే బాపు జబ్బ పట్టుకున్నాడు. నా ఏడుపు చూసి అక్క బిత్తరపోయింది.

"ఏంటమ్మా, పిల్ల అలా వణికిపోతందేంటి? మా ఊళ్ళో పసిపిల్లలు కూడా ఆడుకునే చోటే కదా!"

నిజం చెప్పాలంటే అంత అందమైన మధ్యాహ్నం నేను మళ్ళీ చూడలేదు. ఎండ మెత్తబడింది. మబ్బులు తేలిపోతున్నాయి. చిన్న చిన్న ఎర్ర పీతలు ఇసుక బొక్కల్లోంచి తొంగిచూసి మాయమవుతున్నాయి. అమ్మ కొంగులో గవ్వలు పోగుచేసుకుంటూ చిన్నపిల్లయిపోయింది. బాపు మోకాళ్ళ లోతులో నిలబడి గొంతెత్తి పాడుతున్నాడు. నేనొక్కదాన్నే ఇసుకదిబ్బ మీద చెవులు మూసుకుని ముడుచుకు కూర్చున్నాను. బాపు వచ్చి, ఒక్కసారి మునిగితే భయం పోతుందని నన్ను ఎత్తుకుని నీళ్ళవైపు నడిచాడు. నేను ఆయన భుజం రక్తం వచ్చేలా కొరికాను.

"ఇడిసిపెట్టు కొడుకా," అంది అవ్వ దిబ్బ మీది నుంచి. "గుంజుకపోతె భయం పోతదా? ఇంకింత అయితది."

అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరం సముద్రానికి వీపు పెట్టి, సరుగుడు తోటవైపు మొహం పెట్టి కూర్చున్నాం. ఆమె ఒక్క మాట కూడా ధైర్యం చెప్పలేదు. నా వీపు మీద అరచెయ్యి వేసి, అల విరిగినప్పుడల్లా మెల్లగా ఒక దెబ్బ వేయసాగింది. మొదట్లో బాగానే వేసింది. కాసేపటికి తప్పడం మొదలైంది. అల విరగకముందే కొట్టేది, విరిగాక మర్చిపోయేది. నేను ఎంత భయపడ్డా డప్పు కొట్టేవాని బిడ్డనే కదా, దెబ్బ తప్పితే నాకు పానం నిలవదు. కొంచెంసేపు ఓర్చుకుని, అప్పుడు కాదవ్వా, ఇప్పుడు అన్నాను. మళ్ళీ తప్పింది. మళ్ళీ దిద్దాను. అలా దిద్దుతూ దిద్దుతూ, చెవులు మూసుకున్న చేతులు ఎప్పుడు తీశానో నాకే తెలియదు. ఆ ముసల్ది కావాలని తప్పు కొట్టిందని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

"తెగిన నీళ్ళు ఊపిరి తీసుకోవు బిడ్డా," అంది అవ్వ అప్పుడు. "ఒక్కతీరుగ మీదికే వస్తయి. గిది ఇను. వస్తాంది, పోతాంది, నడుమ ఊపిరి తీసుకుంటాంది. దాని ఇంట్ల అది ఉన్నది."

నేను విన్నాను. నిజమే, మధ్యలో ఒక చిన్న ఖాళీ ఉంది. భయం పోయిందని చెప్పను. నీళ్ళ దగ్గరికి దిగమంటే దిగలేదు కూడా. కానీ అవ్వ మూటలోంచి రొట్టె తీసి ఇస్తే తిన్నాను. పొద్దున్నుంచీ నా గొంతు దిగిన మొదటి ముద్ద అది.

సాయంత్రం మబ్బులు కమ్ముకున్నాయి. ఊరివాళ్ళు పసుపు కుంకాల బిందెలు నెత్తిన పెట్టుకుని సముద్రం ఒడ్డుకు వచ్చారు. బాపు తాటాకుల మంట మీద డప్పు వేడిచేసుకుని వాళ్ళ మేళంలో కలిశాడు. నేను తమ్ముడి చెయ్యి పట్టుకుని వెనకగా నిలబడ్డాను. మొదట దరువు నిదానంగానే ఉంది. బిందెలు ఒడ్డు చేరే వేళకు బాపు చెయ్యి వడివడిగా ఆడటం మొదలుపెట్టింది. అదే చెయ్యి, అదే దరువు, చెరువు తెగిన నాడు వీధుల్లో మోగిన దరువు. అదే క్షణంలో జనం ఒక్కసారిగా అరుస్తూ ఉరికారు. వాళ్ళు ఉరికింది నీళ్ళవైపే, అమ్మవారి బిందెలు ముంచడానికి. అది నా కంటికి ఆనలేదు. కట్ట తెగింది, జనం పారిపోతున్నారు అనుకున్నాను. తమ్ముణ్ణి చంకనేసుకుని తోటలోకి పరుగు తీశాను.

ఎంతసేపు ఉరికానో తెలియదు. చెట్లన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి, వరసలు వరసలుగా, ఏది ఎటు పోతుందో తెలియకుండా. రొప్పుతూ ఆగి తల ఎత్తాను. నా పైప్రాణాలు పైనే పోయాయి. హోరు నా నెత్తి మీద ఉంది. సరుగుడు కొమ్మల్లో గాలి వీస్తే అచ్చం నీళ్ళ చప్పుడే వస్తుంది. ఆ సంగతి మా వైపు పిల్లకు ఎలా తెలుస్తుంది? నీళ్ళు నాకంటే ముందే వచ్చేశాయనుకున్నాను. అటు ఉరికితే అటు హోరు, ఇటు ఉరికితే ఇటు హోరు. చీకటి పడుతోంది. తమ్ముడు అమ్మా అమ్మా అని వెక్కుతున్నాడు. డప్పు ఇక వినబడటం లేదు. బాపు కూడా కొట్టుకుపోయాడని అనుకున్నాను.

వాణ్ణి ఊరుకోబెట్టడానికి వీపు మీద తట్టసాగాను. తడుతూ ఉండగా నా చెయ్యి దానంతట అదే ఒక దరువులో పడింది. కళ్ళు మూసుకున్నాను. పైన చెట్లలో హోరుకు లెక్కాపత్రం లేదు. గాలి ఉంటే లేస్తోంది, లేకుంటే పడిపోతోంది. దానికి దెబ్బ వేయడం ఎవరి తరమూ కాదు. కానీ దాని అడుగున, దూరంగా, మరో చప్పుడు ఉంది. వస్తోంది, పోతోంది, నడుమ ఊపిరి తీసుకుంటోంది.

అప్పుడు నాకు అర్థమైంది మనుషులు ఎటు ఉన్నారో. నేను దేన్ని చూసి పారిపోయి వచ్చానో దాని పక్కనే ఉన్నారు. అటు పోవడానికి కాళ్ళు రాలేదు. తమ్ముడు చంకలో బరువుగా ఉన్నాడు, వాడి ముక్కు నా మెడకు కారుతోంది. ఒక అల విరిగిన చప్పుడుకు ఒక అడుగు వేశాను. మళ్ళీ ఆగి విన్నాను. చప్పుడు పెద్దదవుతున్న కొద్దీ ఏడుస్తూ ఏడుస్తూ దానివైపే నడిచాను. నా జన్మలో అంత కష్టపడి నేను ఏ దారీ నడవలేదు.

చెట్లు పలచబడ్డాక ఇసుక కనబడింది. ఒడ్డంతా ఖాళీ. బిందెలు లేవు, జనం లేరు. నీళ్ళ అంచున అవ్వ ఒక్కతే తోటవైపు మొహం పెట్టి కూర్చుని ఉంది. నాట్లప్పుడు పొలంలో పాడే పాట పాడుతోంది. పాడుతోంది అనడమే గానీ గొంతు ఎప్పుడో పోయింది, గాలి మాత్రమే వస్తోంది. మమ్మల్ని చూసి పాట ఆపింది. లేవలేదు. చేతులు చాపింది. నేను వెళ్ళి పడ్డాను.

"ముందుగాల పిలగాని ముక్కు తుడువు," అంది.

తర్వాత సంగతంతా అమ్మ చెప్పింది. మేం కనబడక గగ్గోలు పుట్టిందట. మిరపతోట అక్క బావుల్లో చూడటానికి పరుగెత్తింది. ఊరివాళ్ళు తలా ఒక దిక్కుకు పోయారు. బాపు మమ్మల్ని పిలవడానికి డప్పు ఎత్తాడు గానీ సముద్రపు చెమ్మకు తోలు మెత్తబడి గుడ్డ మీద కొట్టినట్టయింది, చప్పుడు పది మందికి కూడా చేరలేదు. మంట పెట్టే ఓపిక లేక ఆయన దాన్ని ఇసుకలో విసిరి తోటలో పడి అరుచుకుంటూ తిరిగాడు. అవ్వ ఒక్కతే కదలలేదు. పిల్లలు పోయారంటే కూర్చున్నావేందే అని బాపు తల్లి మీద మండిపడ్డాడట.

"అందరం తిరిగితె, అది వచ్చేసరికి ఈడ ఎవలుంటరు?" అందట అవ్వ.

ఆమె ఒళ్ళో తల పెట్టినప్పుడు నాకు తెలిసింది, చీర నడుము దాకా తడిసి ఉంది. ఆటుపోటు సంగతి మా చెరువుల వాళ్ళకు ఏం తెలుసు? పొడి ఇసుక మీద కూర్చుంది, నీళ్ళు పైకి వచ్చాయి, అయినా జరగలేదు. తోటలోంచి ఎటు బయటపడ్డా పిల్లకు కనబడే చోటు అదేనని. అంతకంటే పెద్ద సంగతి ఒకటి ఉంది. మధ్యాహ్నమంతా మోకాళ్ళ నొప్పులని అవ్వ నీళ్ళలో కాలు పెట్టలేదు. అవి నొప్పులు కావు. నన్ను పట్టుకున్న ఆమె చెయ్యి నాకంటే ఎక్కువ వణుకుతోంది. అల కాళ్ళ మీదికి వచ్చినప్పుడల్లా ఆమె పళ్ళు బిగించడం నా చెవికి తెలుస్తోంది. మా ఊరి నీళ్ళు ఆమెను కూడా వదిలిపెట్టలేదు. అప్పటిదాకా నాకొక్కదానికే భయం అనుకున్నాను.

ఆమె పోయి చాలా కాలమైంది. నాకు మనవలు పుట్టుకొచ్చారు గానీ నీళ్ళ భయం మాత్రం పూర్తిగా పోలేదు, పోతుందని ఎదురుచూడటం కూడా మానేశాను. ఇప్పుడు మేం తొర్రూరులో ఉంటున్నాం. మనవరాలు వరంగల్లులో చదువుకుంటోంది, రోజూ బస్సులో పోయి వస్తుంది. మొన్న వానలకు వాగు పొంగి దారి ఆగిపోయింది. దాని ఫోను పలకలేదు. కొడుకు బండి వేసుకుని బస్టాండుకు పోయాడు, కోడలు ఇరుగుపొరుగు ఇళ్ళకు పోయింది. నన్ను కూడా లేవమన్నారు. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని, లైటు వేసి కూర్చున్నాను. ఈ మొండిదానికి చీమ కుట్టినట్టు కూడా లేదని కోడలు అననే అంది. అననీ.

చివరికి ఆ పిల్ల వేరే దారిన, ఎవరి ఆటోలోనో వచ్చి సందు మొదట్లో దిగింది. నన్ను చూడగానే బ్యాగు విసిరేసి ఉరికొచ్చి వాటేసుకుంది, నువ్వు ఇక్కడే ఉంటావని తెలుసు నాకు అంది. నేను తువ్వాలుతో దాని తల తుడుస్తూ కూర్చున్నాను. అప్పటిదాకా నా చేతులు ఎంత వణికాయో దానికి తెలియనివ్వలేదు.