డ్యాష్‌బోర్డు దిగిన దేవుడు

బండల లారీ గట్టిగా బ్రేకు వేస్తే లారీ ఆగుతుంది, బండ ఆగదు. జమ్మలమడుగు దగ్గర నాపరాళ్ల యార్డులో కొలతలు, బరువులు చూసే పని నాది. మోకు బిగించని బండ ముందుకు జారి క్యాబిన్ వెనక రేకును చీల్చిన లారీని కళ్లారా చూశాను. అందుకే ఎవరో వాడిన పాత కారొకటి కొనుక్కోబోయినప్పుడు ఇంజిను సంగతి మెకానిక్‌కు వదిలి, నేను బెల్టులు చూశాను. మెల్లగా లాగితే సాగాయి, దబుక్కున గుంజితే పట్టుకున్నాయి. తాళం తిప్పగానే వెలిగే ఎయిర్‌బ్యాగ్ దీపం కాసేపటికి ఆరిపోయింది. ఆరిపోవడమే మంచి గుర్తు. వెలుగుతూనే ఉంటే లోపల ఏదో చెడిందని.

కారు కొన్నది మా అక్క కోసం. ఆమె ఉండేది పులివెందులలో. చక్కెర జబ్బు ఎడమ కంటిచూపు పూర్తిగా తీసుకుపోయింది. మిగిలిన కుడికంటికి ప్రొద్దుటూరులో సూదిమందు వేయించాలి. నేను పోయి ఆమెను మా ఇంటికి తెచ్చుకుంటాను, మరునాడు పొద్దున ఆస్పత్రికి పోతాం. అన్నం కలిపి పెట్టి నన్ను పెంచిన మనిషి. ఆ ఒక్క కన్ను కాపాడుకోవడమే ఇప్పుడు మా ఇద్దరి పని.

మొదటిసారి ఆస్పత్రి నుంచి వస్తూ ప్రొద్దుటూరులో సీటు కవర్ల అంగడి ముందు ఆగాం. నేను టీ తాగి వచ్చేలోపల అక్క తన పని కానిచ్చేసింది. గండి క్షేత్రం నుంచి తెచ్చిన ఇత్తడి ఆంజనేయుడు, అరచేయంత విగ్రహం, ఆమె కూర్చునే ముందు సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద నిలబడి ఉన్నాడు. అంగడి సాయిబు రెండు వైపులా అంటుకునే టేపుతో గట్టిగా అతికించాడు. వంగి చూశాను. స్వామి పాదాల కింద ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాలు సగం కనబడుతున్నాయి.

"అక్కా, ఆయన్ను ఈడ పెట్టకూడదు."

"దేవుని పెట్టకూడని చోటు కారులో ఏముందిరా?"

"ఆ మూత కింద సంచి ఉంది. గుద్దుకుంటే కన్ను మూసి తెరిచేలోపల మూత పగలదీసుకొని వస్తాది."

"వస్తే రానీ. దేవుడు ముందరుంటే గుద్దుకుంటామా?"

దీనికి నా దగ్గర లెక్క లేదు. ఉన్న లెక్కే చెప్పాను. అరవై వేగంలో పోయే కారు గోడను గుద్దితే, నాలుగంతస్తుల మేడ మీది నుంచి పడినంత దెబ్బ. వేగం సగానికి తగ్గితే మేడ సగం కాదు, నాలుగో వంతవుతుంది. అంటే ఒక్క అంతస్తు. పదో తరగతితో చదువు ఆపినవాడిని, ఈ లెక్క సొంతంగా కట్టుకున్నరోజు అన్నం కూడా సరిగా తినలేదు.

"ఇదేందిరా, కంటి ఆస్పత్రికని తోడుకొచ్చి నన్ను మేడ మీదినుంచి తోస్తాండావు?" అంది అక్క. సాయిబు నవ్వాపుకోలేక కత్తెర వెతికే నెపంతో లోపలికి పోయాడు.

అంతటితో ఆగలేదు ఆమె. బెల్టు పెట్టుకోకపోతే కారు కీచుకీచుమంటుంది గదా, బెల్టు గాడిలో దూర్చి ఆ కూతను మోసం చేసే బిళ్లలు అంగట్లో వేలాడుతున్నాయి. "సాయిబూ, ఆ బిళ్లొకటి ఇయ్యప్పా. బెల్టు గొంతుకాడ ఒరుసుకుంటాంది" అంది. అక్క పొట్టి మనిషి. పైగా రోడ్డు కనబడాలని సీటు ముందుకు లాక్కొని, డ్యాష్‌బోర్డుకు జానెడు దూరంలో కూర్చుంటుంది. పొట్టివాళ్లకు, దగ్గరగా కూర్చునేవాళ్లకు ఆ సంచే దెబ్బ. అది పూర్తిగా ఉబ్బినాక మనం దాని మీద వాలాలి. బెల్టు లేకపోతే ముందే పోయి దానికి ఎదురు తగులుతాం. పరుపు మీద పడటానికీ, పిడికిలికి మొహం ఇవ్వడానికీ ఉన్న తేడా అది. ఇదంతా చెబితే వినే మనిషి కాదు గనక ఒక్క మాటే అన్నాను.

"అక్కా, స్వామి మొహం ఎటు తిరిగుంది?"

"నా దిక్కే."

"మూత లేస్తే ఆయన వచ్చేది కూడా నీ దిక్కే. నీకుండేది ఒక్క కన్ను."

అక్క సాయిబును పిలిచింది. "ఈడు చెప్పేది నిజమేనా?"

"నేనెప్పుడూ గుద్ది చూడలేదక్కా. కానీ ఆడ అక్షరాలుండాయి. నేను చూడకుండానే అంటించినా."

"అట్లయితే తీసెయ్యి."

సాయిబు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "పెట్టమంటే పెట్టినా. దేవుని పీకేది మాత్రం నా చేత కాదక్కా. వేడిగాలి కొట్టి టేపు మెత్తగా చేస్తా. ఎత్తేది నువ్వే ఎత్తాల."

అతను వేడిగాలి మిషను పట్టాడు. అక్క చెంగు నడుముకు దోపుకొని, రెండు చేతులా విగ్రహాన్ని పట్టుకొని, పసిబిడ్డను ఊయలలో నుంచి ఎత్తినట్టు మెల్లమెల్లగా ఎత్తింది. నల్లగా చదరపు మరక మిగిలింది. ఒళ్లో పెట్టుకుంటానంటే వద్దన్నాను. డ్యాష్‌బోర్డు కింది అరలో పెడదామంటే, "దేవుని చీకట్లో వేస్తావా?" అంది. చివరికి గేరు వెనక నీళ్ల సీసా పెట్టుకునే గుంత కనబడింది. ఒక గుడ్డముక్క చుట్టి స్వామిని అందులో దించింది. నడుము దాకా మునిగాడు. "ఇద్దరి నడుమ కూచున్నాడు, ఇంగేం కావాల నీకు?" అంది. సీటు వెనక్కి జరిపాను. గొంతుకు తగలకుండా తలుపు పక్కన బెల్టు పైకొసను కిందికి దించాను. గొణుగుతూనే పెట్టుకుంది. బిళ్ల కొననివ్వలేదు.

ఆ తర్వాత శనగ పంట చేతికొచ్చే కాలంలో, మరో సూదిమందుకు అక్కను తీసుకొని బయలుదేరాను. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే దారిలో పీకిన శనగచెట్లను రోడ్డు మీద పరిచారు, బండ్లు తొక్కితే కాయలు రాలుతాయని. ఏటా చూసేదే. వేగం తగ్గించాను. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది, పక్కకు తిప్పాను, చక్రాలు ఆ ఎండు చెట్ల మీద పడ్డాయి. బ్రేకు తొక్కితే కారు ఆగలేదు, జారింది. కల్వర్టు దిమ్మె మా మీదికి వచ్చింది.

పెద్ద టపాకాయ పేలినట్టు శబ్దం. పొగ లాంటి తెల్లని పొడి, కాలిన వాసన. చూసేసరికి రెండు సంచులూ గాలిపోయి ఉతికిన దుప్పట్లలా వేలాడుతున్నాయి. చెవుల్లో హోరు.

"అక్కా!"

"అరుచొద్దు, బతికే ఉండా. దేవుడు యాడ?"

గుంతలోనే ఉన్నాడు, కొంచెం పక్కకు ఒరిగి. చేలో ఉన్న రైతులు పరుగెత్తుకొచ్చారు. "అప్పా, పెద్దమ్మకేం కాలేదు గదా?" అని ఒకాయన తలుపు గుంజి తీశాడు. శనగచెట్లు పరిచింది తామేనని అతని మొహంలోనే తెలుస్తోంది. అక్క బెల్టు విప్పుకుంటూ, "రోడ్డు మీద కాదప్పా, కళ్లంలో తొక్కిచ్చుకోండి. నా తమ్ముడు మేడల లెక్కలు చెప్పి చంపుతాండాడు," అంది. ఆయన మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. వాళ్ల బండిలోనే ఆస్పత్రికి పోయాం.

దిమ్మెను తాకేటప్పటికి వేగం నలభై దాకా ఉండొచ్చు. అంటే రెండంతస్తులు. రెండంతస్తుల మీది నుంచి పడి, మా కాళ్ల మీద మేం నడిచి ఆస్పత్రి మెట్లెక్కాం. నా భుజం నుంచి నడుము దాకా బెల్టు గీసిన నల్లని చార. అక్క ముంజేతుల మీద సంచి ఒరుసుకొని చర్మం లేచింది, కళ్లజోడు వంగింది. కంట్లో పడిన పొడిని డాక్టరు చాలాసేపు కడిగి, దీపం వేసి చూసి, మళ్లీ చూసి, కన్ను బాగుందన్నారు. ఆ మాట కోసం బయట బల్ల మీద కూర్చున్నంతసేపు ఏ లెక్కా గుర్తుకు రాలేదు నాకు.

ఆ బెల్టును నేసిందెవరో, ఆ సంచిని మడిచి మూత కింద పెట్టిందెవరో నాకు తెలియదు. పొద్దున దీపం పెట్టేటప్పుడు వాళ్లను కూడా తలుచుకుంటాను. వాళ్ల సంచి అక్క చేతుల తోలు తీసింది నిజమే. కన్ను మిగిల్చింది.

కారు షెడ్డులో ఉన్నప్పుడు, విగ్రహం తీసుకుంటానని అక్క నాతో వచ్చింది. డ్యాష్‌బోర్డు మూత చిరిగి పైకి లేచి ఉంది. దాని నడిమధ్యన నల్లని చదరపు మరక. అక్క దాన్ని వేలితో తడిమింది.

"చూసినావా, తెలిసే ముందుగా దిగినాడు," అంది.

"దించింది నువ్వే గదక్కా."

"నా చేత దింపిచ్చినాడు. నీ చేత చెప్పిచ్చినాడు."

మరక చుట్టూ తిరిగిన అక్క వేలు పైకి లేచి, కుడికంటి పక్కన ఆగింది. స్వామిని గుంతలోంచి తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ అదే గుంతలో పెట్టేసింది.

"బండి బాగయ్యేదాకా ఈడనే ఉండనీ. ఆయన చోటు ఇదే."