నాలుగు రోజుల లేడీ లీడరు

నేను మూడో తరగతి దాకా బడికి వెళ్లాను. చదువుకున్నానని మాత్రం చెప్పను. అందుకే నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. మధ్యలో పెన్ను ఆపి, "మామ్మా, ఇది నేను రాయను" అంటుంది. రాయకపోతే సాయంత్రం జంతికలు లేవన్నాను. రాస్తోంది.

మాది ద్రాక్షారామానికి దగ్గర్లో కాలవగట్టు ఊరు. ఊళ్లో హైస్కూలు పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండేది నేనే. మా ఆయన కొబ్బరి దింపు తీసేవాడు. ముప్పై ఏళ్లు చెట్లెక్కి దిగిన మనిషి, చివరికి జ్వరమొచ్చి మంచం మీద పోయాడు. చెట్టెక్కేటప్పుడు ఆయన నడుముకి చుట్టుకునే మోకు పేనిందీ, ముడి వేసిందీ నేనే. ముడి జారితే మనిషే జారతాడు గనక నా ముడి జారేది కాదు. ఆ ముడి మా మనవరాలికి కూడా నేర్పాను.

మా స్కూల్లో స్కౌట్లూ గైడ్లూ ఉన్నారు. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసే కవాతు చేస్తారు, కలిసే క్యాంపుకి వెళతారు. మా పిల్ల ఆరో తరగతి నుంచి ఒక బ్యాడ్జి కోసం కాచుకుని కూర్చుంది. దానికి పరీక్ష క్యాంపులోనే పెడతారు. ఆ ఏడాది క్యాంపు కోరుకొండ దగ్గర ఒక మామిడితోటలో, నాలుగు రోజులు. మా స్కూలు నుంచి పన్నెండు మంది మగపిల్లలు, తొమ్మిది మంది ఆడపిల్లలు. చొక్కా ఇస్త్రీ చేసి చిలక్కొయ్యకి తగిలించి రోజూ దాన్ని చూసుకునేది పిల్ల.

వారం ఉందనగా, ఆడపిల్లల్ని తీసుకెళ్లాల్సిన హిందీ టీచరమ్మని డాక్టరు మంచం దిగొద్దన్నాడు. ఆవిడకి ఏడో నెల. డ్రిల్లు మాస్టారు వంటపాక దగ్గరికి వచ్చారు.

"మామ్మగారూ, క్యాంపు నాలుగు రోజులూ పన్నెండు మందికి తగ్గించి వండండి."

"ఇరవై ఒక్క మంది కదండి వెళ్లేది?"

"ఆడపిల్లలు ఆగిపోయారండి. వాళ్లతోపాటు లీడరుగా ఒక ఆడమనిషి అక్కడే ఉండాలి. టీచరమ్మగారు రాలేరు. రూలు మరి."

"మీకే జ్వరమొస్తే? మగపిల్లలు ఆగిపోతారా?"

"పక్కూరి మాస్టారితో పంపుతామండి."

"పక్కూళ్లో టీచరమ్మ లేదా?"

"అడగలేదండి."

నాకు ఒళ్లు మండింది. "రూలు మంచిదే మాస్టారూ. ఆడపిల్లల దగ్గర ఆడమనిషి ఉండాల్సిందే, నేను కాదనను. కానీ లీడర్ని వెతకనిది పెద్దవాళ్లు, ఇంట్లో కూర్చునేది పిల్లలా? నేను అన్నం మాడిస్తే నన్ను తిట్టాలి గాని, పిల్లల కంచాలు లాక్కుంటారా?"

మాస్టారు మంచివాడు. ఫోన్ తీసి రూల్సు చూశారు. పెద్దవయసు ఆడమనిషి, మంచి నడవడి, రూల్సు తెలిసుండాలి, ప్రమాణం చెయ్యాలి. అంతే ఉంది.

"చదువుకునుండాలని ఉందాండి?"

"లేదండి."

"అయితే పన్నెండు మందికి కాదు, ఇరవై ఒక్కమందికీ తగ్గించి వండమని మా తోడికోడలికి చెబుతాను. నేను క్యాంపులో ఉంటాను."

హెడ్మాస్టారు కళ్లజోడు తీసి నన్ను చూశారు, పెట్టుకుని చూశారు. రెండు రకాలుగానూ వంటమనిషిలాగే కనబడినట్టున్నాను. "నడవడి సరే, ఈవిడ నోరు?" అన్నారు మాస్టారితో. నోటి సంగతి అందులో రాయలేదని నేనే చెప్పాను. సంతకం పెట్టారు.

కానీ రాసే ఉంది. ఆ సాయంత్రం నేను బియ్యంలో రాళ్లు ఏరుతుంటే మనవరాలు రూల్సు చదివింది.

"పిల్లల్ని కొట్టకూడదు."

"సరే."

"తిట్టకూడదు."

"మరి తిట్టకుండా అన్నం ఎలా తినిపిస్తారే?"

"మామ్మా!"

"సరే, చదువు."

పనులు ఆడపిల్లలకీ మగపిల్లలకీ సమంగా పంచాలి. ఏ పెద్దమనిషీ ఒక్క పిల్లతో గాని, ఒక్క పిల్లాడితో గాని తలుపు మూసుకుని ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి. ఈ చివరిది విడమరిచి చెప్పబోయింది పిల్ల. అక్కర్లేదన్నాను. అది మా వంటపాక రూలే. గంజి వార్చేటప్పుడు గుండిగకి చెరోవైపు ఇద్దరం మసిగుడ్డలతో పట్టుకుంటాం. ఒక్కరే ఎత్తితే ఎంత గట్టి మనిషికైనా ఏదో ఒక రోజు చెయ్యి జారుతుంది, పక్కనున్న పిల్లల కాళ్లు కాలతాయి. అందుకే గుండిగకి రెండు చెవులు పెట్టారు.

రూల్సన్నీ బట్టీ పట్టాలి. చర్చిలో నేను పాటల పుస్తకం పట్టుకునేది మర్యాదకే. పాటలన్నీ నోటికే వచ్చు. రూల్సునీ అలాగే, శ్రమకాలంలో ఏసు సిలువ బాధల మీద పాడే పాట ఒకదాని రాగంలో కట్టి నేర్చుకున్నాను. వచ్చేశాయి. కష్టమేంటంటే, ఇంక రాగం లేకుండా రావు.

క్యాంపులో పరీక్ష పెట్టే పెద్దాయన ఒకాయన ఉన్నారు. రిటైరైన లెక్కల మాస్టారట. గుబురు మీసాలు, మెడలో విజిలు, చంకలో అట్ట. మేం బస్సు దిగగానే, "లేడీ లీడరెక్కడ?" అన్నారు.

"నేనేనండి."

"వంటపాక అటుందమ్మా."

"అటుంటే ఉండనివ్వండి. లీడర్ని నేనేనండి." కాయితం ఇచ్చాను.

ఆయన కాయితం వెనకా ముందూ తిప్పారు. "రూల్సు తెలుసా?"

అందుకున్నాను. నా గొంతు బొంగురు, ఆ పైన దుఃఖపు రాగం. కొట్టరాదు, తిట్టరాదు అనేసరికి పక్క స్కూళ్ల పిల్లలు గుమిగూడారు. ఒంటరిగా ఉండరాదు దగ్గర ఎవరో తల వంచుకుని కళ్లు మూసుకున్నారు కూడా. మా మనవరాలు మామిడిచెట్టు వెనక్కి పోయింది.

పెద్దాయన విజిలు ఊది ఆపించారు. "సరే. నోటితో పాడటం వేరు, నడుచుకోవడం వేరు. ఒక్క రూలు తప్పావా, లీడరు లేనట్టే. ఆడపిల్లలు పరీక్ష రాయకుండా సాయంత్రం బస్సుకి ఇంటికే."

తొమ్మిది మంది పిల్లలూ నా వంక చూశారు.

పాతుకుపోయిన అలవాటు ప్రకారం ఆడపిల్లలు కూరగాయల బుట్ట దగ్గర కూర్చున్నారు, మగపిల్లలు డేరాల తాళ్లు తీశారు. సమంగా పంచాలి కదా. సగం మందిని ఇటు, సగం మందిని అటు మార్చాను. మా మనవరాలు డేరాకి నా మోకు ముడి వేసింది. మగపిల్లలు వంకాయలు కోశారు. ఒక్కో ముక్క ఒక్కో జిల్లా అంత ఉంది.

నేను వంటలో వేలు పెట్టలేదు. పెడితే వంటమనిషినైపోతాను. చేతులు దురద పెడితే వాటి మీద కూర్చున్నాను. నోటికైతే ఇంకా కష్టం. మామూలుగా అయితే, "ఒరే నీ దుంప తెగ, చింతపండులో గింజలు తియ్యరా" అనేదాన్ని. ఆ వేళ పళ్లు బిగబట్టి, "బాబుగారూ, తమరు దయచేసి ఆ గింజలు తీస్తారాండి?" అన్నాను. వాడు మొహం పాలిపోయి గిన్నె వదిలేసి పరుగెత్తాడు. "మాస్టారూ! మామ్మకి ఏదో అయింది!"

కవాతులో కూడా అంతే. "సావధాన్" అని గట్టిగా అరవాలి. నేను "సావధాన్ అండి" అన్నాను. నోటికి పట్టిన మర్యాద ఎక్కడికి పోతుంది? పెద్దాయన అట్ట మీద ఏదో రాసుకున్నారు. చారు గింజలతో సహా తాగి మరో గీత గీశారు. అది మాత్రం నా పాపం కాదు.

మూడో రోజు పరీక్ష. తోటలో మోటారు షెడ్డు ఉంది. గాలికి కాయితాలెగిరిపోతున్నాయని పెద్దాయన అందులో కూర్చుని, ఒక్కొక్కరినే పిలిచి తలుపు వేసుకునేవారు. పొద్దున మగపిల్లలు పన్నెండు మందీ అయ్యారు. తర్వాత మా మాస్టారు వాళ్లని చెరువు స్నానానికి తీసుకెళ్లారు. ఆడపిల్లల్లో మొదటి పేరు మా మనవరాలిది. లోపలికెళ్లింది. తలుపు పడింది.

నేను వెళ్లి తలుపు తీసి, ఒక ఇటికరాయి అడ్డం పెట్టి, గడప మీద కూర్చున్నాను.

"ఏంటమ్మా ఇది?" అన్నారు పెద్దాయన.

"పరీక్ష పెట్టుకోండి. నేనుంటాను."

"మామ్మా, పో!" అని పళ్ల మధ్య నుంచి అంది పిల్ల.

"ముప్పై ఏళ్లుగా పరీక్షలు పెడుతున్నాను. నన్నే అనుమానిస్తావా? నువ్వు లేవకపోతే నీ పిల్లల పరీక్ష రద్దు చేస్తాను."

"లేస్తే రూలు తప్పినట్టేనండి, అప్పుడూ పంపేస్తారు. ఎలాగూ పోయేదానికి కూర్చునే పోతాను. మీరు మంచోరేనండి. మంచి గుండిగని కూడా మేం ఇద్దరం పట్టుకునే దింపుతాం. దాని మీద అనుమానం కాదు, పిల్లల కాళ్ల మీద భయం."

ఆయన మీసం మెలేసుకున్నారు. తర్వాత లెక్కల మాస్టారి బుద్ధి పోనిచ్చుకోకుండా అడిగారు. "మరి పొద్దున పన్నెండు మంది మగపిల్లలు ఇలాగే వచ్చారు. అప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

అక్కడ దొరికిపోయాను. పొద్దున నేను మా ఆడపిల్లలకి జడలు వేస్తున్నాను. మగపిల్లలకేం, మగపిల్లలే కదా అనుకున్నాను. రూల్లో ఒక్క పిల్ల గాని, ఒక్క పిల్లాడు గాని అనే ఉంది. రాగం కట్టి పాడినదాన్నే. ఆడపిల్లలకి అన్యాయమని హెడ్మాస్టారి దాకా వెళ్లినదాన్ని, మగపిల్లల దగ్గరికొచ్చేసరికి సగం రూలు మింగేశాను.

"తప్పేనండి" అన్నాను.

"ఒప్పుకున్నావు కదా! అయితే సాయంత్రం బస్సు."

మా మనవరాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ చొక్కా, ఆ చిలక్కొయ్య గుర్తొచ్చాయి నాకు.

"ఎక్కుతానండి. కానీ తప్పింది నేను. తలుపు మూసింది మీరు. ఎక్కితే మనమిద్దరం ఎక్కాలి, పిల్లలెందుకు ఎక్కుతారు? మీ సంచి ఎక్కడుందో చెప్పండి, సర్దుతాను. కిటికీ పక్క సీటు మీకే."

ఆయన ఏమనేవారో నాకు తెలీదు. అప్పుడే వంటపాక నుంచి కేకలు. "మామ్మా! అన్నం ముద్దైపోతోంది! వార్చేవాళ్లు లేరు!"

పిల్లలు గంజి వార్చకూడదు, అదీ రూలే. పెద్దవాళ్లే వార్చాలి. మా మాస్టారు చెరువు దగ్గరున్నారు. మిగతా స్కూళ్ల వాళ్లు అటే. ఇరవై గజాల్లో ఉన్న పెద్దవాళ్లం మేమిద్దరమే. నేను పరుగెత్తాను. వెనక విజిలు ఛాతీ మీద కొట్టుకుంటూ వస్తున్న చప్పుడు వినబడింది.

"ఇంత చిన్న పనికి ఇద్దరెందుకు? తప్పుకో" అని ఆయన వంగారు. గుండిగ బరువు ఆయనకి తెలీదు. ఒక వైపు కదిలించగానే గంజి చిందింది, ఆయన గెంతారు.

"ఆ గుడ్డ తీసుకోండి. అటు పట్టుకోండి. నేను వంచినంతే వంచండి, తొందరపడకండి."

ఇద్దరం పట్టుకున్నాం. ఆవిరికి ఆయన కళ్లజోడు తెల్లబడింది. కళ్లు కనబడక నా మాట విని వంచారు, నేను "చాలు" అనేదాకా ఆపలేదు. కింద పెట్టాక చేతులు దులుపుకుంటూ చాలాసేపు గుండిగనే చూశారు. మసి మీసానికి అంటింది. ఎవ్వరూ చెప్పలేదు.

"చెట్టు కింద బల్ల వేయించండి" అన్నారు చివరికి. "అందరికీ కనబడేలా. కాయితాల మీద రాళ్లు పెట్టుకుంటాను." రెండడుగులు వేసి ఆగారు. "మగపిల్లలకీ మళ్లీ పెడతాను. పొద్దున పెట్టింది చెల్లదు."

చెరువు నుంచి వచ్చిన పన్నెండు మందీ ఆ మాట విని నన్ను చూసిన చూపు ఇక్కడ చెప్పను. వాళ్లకి తిట్టకూడదనే రూలు లేదు.

మా మనవరాలు చెట్టు కింద ముడి వేసింది. పెద్దాయన లాగి చూశారు, గుంజి చూశారు, కాలు తన్నిపెట్టి లాగారు. మళ్లీ విప్పమంటే మాత్రం దానికే రాలేదు. నేను వెయ్యడమే నేర్పాను గాని విప్పడం ఎప్పుడూ మా ఆయన పని. చాకుతో కోశారు. అయినా బ్యాడ్జి ఇచ్చారు. తొమ్మిది మందికీ వచ్చింది.

తిరుగు బస్సులో రెండూళ్లు దాటేదాకా పిల్ల బ్యాడ్జి తుడుచుకుంటూ కూర్చుంది. తర్వాత సంచిలోంచి మా స్కూలు కాయితం తీసి, నా గురించి పెద్దాయన రాసింది చదివింది. "లేడీ లీడరుకి రూల్సు తెలుసు. రాగం తగ్గించాలి."

పన్నెండు మందిలో ఒక కుర్రాడు మాత్రం పొద్దున పాసయ్యాడు, మధ్యాహ్నం తప్పాడు. చింతపండు గింజల వాడే. ఆ ఏడంతా గుడ్డు పెట్టే రోజున వరసలో చివరికొచ్చి, ప్లేటు చాపి, ఏమీ అనకుండా నిలబడేవాడు. వాడి ప్లేటులో రెండో గుడ్డు వేసేదాన్ని. స్కూలుది కాదు, మా ఇంటి కోడిది. తప్పు నాది, కోడీ నాదే.

"తినండి బాబుగారూ" అనేదాన్ని.

"మామ్మా, మామూలుగా తిట్టవే" అనేవాడు.