లండన్ బస్‌స్టాండ్‌లో ఆంటీ

మేముండే షాంటిలీ ఊళ్ళో మా పక్కింటి ఆంటీ ఎక్కడికెళ్ళినా అంకుల్ చొక్కా పట్టుకునే నడిచేవారు. రిటైరైన రెండేళ్ళకే ఆయనకి మతిమరుపు జబ్బు వచ్చింది. "అంతా మర్చిపోకముందే లండన్, డబ్లిన్ చూపించాలమ్మా" అంటూ చవక హాస్టళ్ళు, బస్సులు, ఓడ టికెట్లు నా చేతే బుక్ చేయించారు. ఇద్దరికీ అటు వెళ్ళడం అదే మొదటిసారి.

పది రోజుల ట్రిప్ నుంచి అయిదో రోజే వచ్చేశారు. అడిగితే చలికి తట్టుకోలేకపోయామన్నారు. వారం తర్వాత వాళ్ళ వంటింట్లో కూర్చుని అసలు సంగతి చెప్పారు. లండన్ బస్‌స్టాండ్‌లో డబ్లిన్ బస్సు ఎక్కడ ఆగుతుందో కౌంటర్లో కనుక్కుని వెనక్కి తిరిగేసరికి అంకుల్ లేరట. మూడు గంటల తర్వాత పోలీసులు ఆయన్ని ఏదో పార్కులోంచి వానలో తడిసిపోయి ఉండగా తీసుకొచ్చారట.

"ఎంత కంగారు పడ్డారో ఆంటీ!" అన్నాను.

"లేదమ్మా. పోలీసులకి వెంటనే చెప్పలేదు. ముందు ఒక టీ కొనుక్కుని, కూర్చుని, మొత్తం తాగాను. హాయిగా అనిపించింది. ఇది ఎవరికీ చెప్పకు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటుండగా హాల్లోంచి అంకుల్ గొంతు వినిపించింది.

"ఏవండీ, మా ఆవిడ వచ్చిందా?"

"వచ్చిందండీ" అంటూ ఆంటీ లేచి వెళ్ళారు.