బాగా విడిపోయారు

మీకు పెళ్లిళ్లు చేయడం వచ్చు గానీ, ఇద్దరు మనుషుల్ని మర్యాదగా విడిపోనివ్వడం రాదు. అవును, మిమ్మల్నే అంటున్నా.

ఈ రోజు మా అక్క కూతురు సునీత విడాకుల కేసు కోర్టు మధ్యవర్తి దగ్గరికొచ్చింది. ఏడేళ్ల పాప ఎవరి దగ్గరుండాలన్నదే తేలడం లేదు. రెండు వైపుల నుంచీ పదకొండు మందిమి దర్శి నుంచి కార్లేసుకుని పోయాం. మధ్యవర్తి మేడం బంధువులందర్నీ బయటికి వెళ్లమంది.

"ఆడపిల్ల హక్కుల మీద నాలుగు ముక్కలు చెప్పి వెళ్తానండి" అన్నాను.

"ముందు మీరే నడవండి సార్" అంది.

గంటన్నరకి సునీతా, వాళ్లాయనా నవ్వుకుంటూ బయటికొచ్చారు. అబ్బాయి పెదనాన్న మొహం వెలిగిపోయింది.

"కలిసిపోయారా అమ్మా?"

"లేదు మావయ్యగారూ, బాగా విడిపోయాం. బడి రోజుల్లో పాప నా దగ్గర, శని ఆదివారాలు వాళ్ల నాన్న దగ్గర."

ఆయన కూలబడ్డాడు. నాకైతే కడుపు నిండింది. నా ఉపన్యాసం లేకుండానే తేలిపోయిందని కాస్త గుచ్చుకుంది, అంతే. తప్పంటారా? కామెంట్లో తేల్చుకుందాం రండి. ఈలోగా నా డిమాండ్లు:

ఆ గదిలోకి బంధువులు పోకూడదు.
"సర్దుకుపో" అంటూ ఫోన్లు చేయకూడదు.
పిల్లని "అమ్మ కావాలా, నాన్న కావాలా?" అని అడక్కూడదు.
బయట నాలాంటి మేనమామలకి కుర్చీలు వేయాలి.