మిట్టమధ్యాహ్నం లాంతరు

అమెరికాలో, హాలీవుడ్ పక్కనున్న బర్‌బ్యాంక్‌లో పాత సినిమాలను డిస్కులకెక్కించే కంపెనీలో లోర్నా కూబియాక్‌కి మొండిఘటం అని పేరు. అరవై తొమ్మిదేళ్లు. పనికి ఎప్పుడూ బూడిదరంగు చొక్కాలోనే వచ్చేది. రంగు చొక్కా ఛాయ తెర మీద పడితే కన్ను మోసపోతుందని ఆమె పట్టుదల. ఎర్ర స్వెటరుతో వచ్చినవాళ్లను, ఎంతటివాళ్లైనా సరే, గుమ్మం బయటే నిలబెట్టేసేది.

ఇరవయ్యేళ్లప్పుడు ఆమె ఒక ఫిల్ము ల్యాబులో రంగులు సరిచూసే పనిలో చేరింది. అక్కడ ఆమె చేతుల మీదుగా వెళ్లిన మొదటి సినిమా, మొగుడి దెబ్బలు పడలేక ఒక ఇల్లాలు రాత్రికి రాత్రి మొక్కజొన్న చేలోకి పారిపోయే కథ.

ఆ రాత్రిని తీసింది మాత్రం పట్టపగలు. అప్పట్లో చాలామంది అలాగే ఎండలో తీసేసి, ప్రింటు వేసేటప్పుడు ల్యాబులో ముదురు నీలం చేసి చీకటి తెప్పించేవారు. ఆ చీకటి కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ములో, అంటే నెగటివులో ఉండదు. ఈ సంగతి తెలియని మహానుభావులెవరో ఇరవయ్యేళ్ల కిందట నెగటివును ఉన్నదున్నట్టు డిస్కుకెక్కించేశారు. దాంతో ఆ మొగుడు మిట్టమధ్యాహ్నం లాంతరు పట్టుకుని, మూడడుగుల దూరంలో నక్కిన పెళ్లాం కనబడక వెతుకుతూ తిరిగాడు. జనం మొదట నవ్వారు, తర్వాత అలవాటు పడిపోయారు.

ఇప్పుడు కొత్త డిస్కు వేస్తున్నారు. లోర్నా చీకటి చేసిన రీలును పై అధికారి బ్రెంట్ హాల్వర్సన్ రెండుసార్లు తిప్పి పంపాడు.

"పెద్ద పెద్ద టీవీలు కొనుక్కున్నారు లోర్నా వీళ్లంతా. ఏమీ కనబడట్లేదని తిట్టిపోస్తారు."

"కనబడకూడదనే కదయ్యా ఆవిడ రాత్రిపూట బయల్దేరింది!"

"పాత డిస్కులో వెలుతురే ఉంది. చీకటని మీరనడమే తప్ప రుజువేదీ?"

"వాడి చేతిలో లాంతరు వెలుగుతోంది. ఇంకేం కావాలి నీకు, నా తలకాయా?"

"ఇలాగైతే డిస్కు మీద మీ పేరు ఉండదు మరి."

"తీసెయ్ నాయనా. పేరేసి ఊరేగించమని నిన్నడిగానా?"

అన్నదే గాని లోర్నాకి ఒళ్లు మండిపోయింది. దర్శకుడు పోయాడు, కెమెరామన్ పోయాడు, ల్యాబును పడగొట్టి కార్లు నిలుపుకుంటున్నారు. ఆ రాత్రి ఎంత చీకటో తెలిసిన మనిషి తానొక్కతే మిగిలింది. తాను తలూపితే ఆ ఇల్లాలు ఇక ఎప్పటికీ ఎండలోనే.

శుక్రవారం పొద్దున, సినిమా సొంతదారుల తరఫున రూత్ ఓస్‌గుడ్ అనే ఆవిడ చూసి ఖాయం చేయడానికి వచ్చింది. బ్రెంట్ ముందుగా వెలుతురు రీలు వేశాడు. లాంతరు ఇల్లాలి పక్కనుంచే వెళ్లిపోగానే రూత్ పక్కున నవ్వింది.

"ఇదేం చోద్యం, ఇతనికి చూపు లేదా?"

"చూపుంది. ఆవిడ నెత్తిన సూర్యుణ్ణి పెట్టింది మావాళ్లు," అంటూ లోర్నా ఎవరినీ అడక్కుండా తన రీలు వేసేసింది.

తెరంతా నీలం కమ్ముకుంది. లాంతరు చేల మధ్య ఊగుతూ వచ్చి ఆగింది. రూత్ కుర్చీ అంచుకి జరిగింది.

"ఆవిడేదీ? ఉంది, ఉంది, అదిగో ఆ మూల," అంది, మొగుడికి వినబడుతుందేమో అన్నంత చిన్న గొంతుతో.

లాంతరు ముందుకు సాగిపోయింది. రూత్ గట్టిగా ఊపిరి వదిలింది. "ఇదే ఉంచండి," అంది.

ఆ శీతాకాలం డిస్కు వచ్చింది. బ్రెంట్ అన్నంత పనీ చేశాడు, లోర్నా పేరు ఎక్కడా లేదు. ఏమీ కనబడట్లేదని తిట్టు ఉత్తరాలూ వచ్చాయి. వాటిని తెచ్చి బ్రెంట్ ఆమె బల్ల మీద పడేశాడు.

"చూశారా?"

లోర్నా వాటిని విప్పనైనా లేదు.

"రాసుకోనీ," అంది. "ఆవిడైతే తప్పించుకుంది."